అడుగుల చప్పుడు

జూన్ 9, ఆదివారం

మానేశాను. ఇక ఆ ఫోన్ ఆట ఆడను. ఈ మాట ఇంట్లో అంటే నవ్వుతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈ డైరీ జనవరిలో నూలు దుకాణం వాళ్లు ఇచ్చారు. ఇన్నాళ్లూ అవ్వ దీని మీద మందు సీసాలు పెట్టుకుంది.

ఇవాళ కూడా ఆటలో ఎవడో నన్ను వెనక నుంచే చంపాడు. నేను మేడ మీద కిటికీ పక్కన తుపాకీ పట్టుకుని కూర్చున్నాను. కింద పిల్లి కదిలినా కనపడే చోటు అది. వాడు తీరిగ్గా మెట్లెక్కి, నా వీపు వెనక నిలబడి, కాల్చేసి పోయాడు. ఎవడైనా దగ్గరికి వస్తుంటే అడుగుల చప్పుడు వినపడాలి, అది ఈ ఆటలో పద్ధతి. నాకు వినపడలేదు. కొత్త అప్‌డేట్‌లో ఆ చప్పుడు తీసేసి ఉంటారు, దొంగ సచ్చినోళ్లు.

చలికాలంలో నా ర్యాంకు చూసి ఉట్నూర్ అంజన్న నన్ను గురువా అని పిలిచేవాడు. అంజన్నను నేనెప్పుడూ చూడలేదు. అక్కడ జీపు నడుపుతాడు, సిగ్నల్ దొరికే గుట్ట మీద బండి ఆపుకుని మాతో ఆడతాడు. మా జట్టులో మూడోవాడు వెంకటి, మా అవ్వకు అన్న కొడుకు, నాకు మేనమామ కొడుకు. పెద్దపల్లిలో సెల్‌ఫోన్ల దుకాణంలో పని. వాడికి ఆటలో గడ్డి కదిలినా వినపడుతుందట. దుకాణంలో మంచి ఫోన్లు దొరుకుతాయి మరి, వినపడక ఏమవుతుంది.

మొత్తానికి మానేశాను. ప్రాణం హాయిగా ఉంది.

జూన్ 10

ఒక్కటే ఆడాను. అంటే, ఒక్కటే అనుకుని మొదలుపెట్టాను.

జూన్ 13

కొత్త ఇయర్‌ఫోన్లు కొన్నాను. ఎడమది పనిచేయలేదు. వెళ్లి మార్చుకున్నాను. అందులోనూ ఎడమదే పనిచేయలేదు. మళ్లీ వెళితే దుకాణం వాడు వాటిని తన చెవుల్లో పెట్టుకుని, ఒక పాట సగం దాకా విని, తీసి, నన్ను వింతగా చూశాడు. ఆ చూపుకే వాడి కౌంటర్ అద్దం పగలగొట్టాలనిపించింది. పనికిరాని సరుకు అమ్మేవాళ్లంతా ఇలాగే చూస్తారు.

జూన్ 16

వెంకటి ఇవాళ ఆట మధ్యలో అన్నాడు, ఒకసారి చెవులు చూపించుకో బావా అని. వాడు మా మరమగ్గాల షెడ్డుకు వచ్చి చూడాలి. సిరిసిల్లలో నాలాంటి చెవులున్న పనివాడు ఇంకొకడు ఉంటే చూపించమనండి. చీరల ఆర్డర్ వచ్చి నేను చూసుకునే ఎనిమిది మగ్గాలూ, మా మాటలో సాంచాలు, పొద్దంతా ఆడుతున్నాయి. నేను బయట చాయ్ హోటల్లో కూర్చుని చెప్పగలను, లోపల ఏ సాంచె కాసేపట్లో మొరాయించబోతుందో. దాని దెబ్బలో తేడా వస్తుంది. ఆ తేడా నేల మీద అరికాళ్లకు తెలుస్తుంది.

లోపల ఎవరూ గొంతు చించుకోరు. ఎంత అరిచినా ఆ మోతలో లాభం లేదు. పెదాలు కదిలిస్తాం, చేతులతో చూపిస్తాం. నూలు కండెలు అయిపోతే బొటనవేలు తిప్పుతాం. షెడ్డు యజమాని సేటు వస్తుంటే మీసం దువ్వుతాం. షెడ్డు ఆ చివరనున్నవాడు నన్ను తిట్టుకుంటే ఈ చివర నుంచి వాడి పెదాల మీద చదువుతాను. ఈ విద్య బాపు నేర్పాడు. ముప్పై ఏళ్లు ఇదే షెడ్డులో చేసి ఇప్పుడు ఇంటి ముందు అరుగు మీద కూర్చుంటున్నాడు.

మా వాడకట్టులో ఇద్దరు కైలాసాలు ఉన్నారు. రెండో ఆయనను ఉత్త కైలాసం అంటారు. మా బాపును చెవిటి కైలాసం అంటారు. చిన్నప్పుడు ఆ మాట అన్న పోరణ్ని రాయి పెట్టి కొట్టాను. అలాంటి పేరు నాకు పడకూడదు. చచ్చినా పడకూడదు.

జూన్ 22

వెంకటి పనిచేసే దుకాణం మూతపడుతోందట. ఫోన్ చేసి చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి చివరకు అడిగాడు, మీ సేటుకు జర చెప్పు బావా అని. స్పీకర్ పెట్టి, పక్కన కూర్చున్న అవ్వ అందిస్తుంటే విన్నాను. ఫోన్లో వాడి గొంతు ఈమధ్య నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. పెద్దపల్లిలో టవర్ బాగాలేదు.

సాయంత్రమే సేటును అడిగాను. నా పక్కన ఎనిమిది సాంచాలకు మనిషి లేడు, వచ్చే నెల మధ్యలో తీసుకురా అన్నాడు. అవ్వ సంతోషం చూడాలి. పుట్టింటివాళ్లకు తన కొడుకు పని ఇప్పించాడని వాడకట్టంతా చెప్పుకుంది. నాకూ సంతోషమే. పగలు పక్కపక్కన పని, సాయంత్రం పక్కపక్కన ఆట. ఇక ఆ ర్యాంకు ఎందుకు రాదో చూస్తాను.

జూన్ 30

వెంకటిగాణ్ని జట్టులోంచి తీసేశాను.

ఎన్ని వారాల తర్వాతో ఆఖరి దాకా వచ్చాం. అంజన్న చచ్చాడు, వెంకటి చచ్చాడు, నేను మిగిలాను. అవతల ఒక్కడే. చచ్చినవాళ్లు చూస్తూ ఉంటారు, మాట్లాడొచ్చు కూడా. నేను మేడ మీద ముందుకు గురిపెట్టుకుని పడుకున్నాను. వాడు వెనక నుంచి నడిచొచ్చాడు. వెంకటి వాణ్ని చూస్తూనే ఉన్నాడు, నోరు మెదపలేదు.

నానా మాటలు అన్నాను. మా మేనమామను కూడా కలిపి అన్నాను. వాడు అనేది సరిగా వినపడక, అర్థమయ్యేలా ఏడువు అన్నాను. అప్పుడు గట్టిగా, ఒక్కో మాట విడివిడిగా అన్నాడు.

"చెప్పిన బావా. ఎనుక ఉన్నడని ఒర్రి ఒర్రి చెప్పిన. నువ్వే ఇంటలేవు."

నేను ఓడిపోతే వాడికి లోపల సంబరం. కొందరంతే. పని ఇప్పించినా అంతే.

జూలై 1

తప్పు వాడిదే.

జూలై 2

తప్పు వాడిదే. వాడు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఒంటరిగా ఆడాను. వెనక నుంచి చంపారు.

జూలై 4

అంజన్న ఆడేటప్పుడు అంతా రికార్డు చేసుకుంటాడట, జీపులో ఎక్కే పిల్లలకు చూపించుకోవడానికి. మొన్నటి ఆట వీడియో పంపించాడు. 'నువ్వే చూడు గురువా, వెంకటిని అనుకోకు' అని కింద రాశాడు.

ముందు ఇయర్‌ఫోన్లతో చూశాను. తుపాకీ మోతలు వినపడ్డాయి. మధ్యలో ఏదో గుసగుస లాంటిది ఉంది. అది గాలి కావచ్చు. చెప్పానా, వాడు చెప్పలేదని. మనసులో గెలిచినట్టు అనిపించింది.

తర్వాత ఫోన్ స్పీకర్ పూర్తిగా పెంచి మళ్లీ పెట్టాను. అవ్వ లోపలి అర్రలో బీడీలు చుడుతోంది. లేచి గుమ్మం దాకా వచ్చి, నేను చూసేలా నిలబడి అడిగింది.

"ఎవడురా గా పోరడు? ఎనుక, ఎనుక అని గంతగనం ఒర్రుతుండు?"

నా చేతిలో ఫోన్ ఉంది. నా మొహానికి జానెడు దూరంలో ఉంది. అవ్వ గోడ అవతల ఉంది.

మళ్లీ పెట్టాను. ఆటే అవ్వా, ఇంకేమన్నా ఇనబడుతుందా చెప్పు అన్నాను, పరాచికానికి అడిగినట్టు. అవ్వ తల వంచి వింది. ఆకు కత్తిరించే కత్తెర ఆమె చేతిలోనే ఉంది.

"ఎవలో చెప్పులేసుకొని మెట్లెక్కుతున్నట్టు ఉన్నది. టక్కు టక్కుమని. నీకు ఇనబడుతలేదా?"

ఇనబడుతుంది, ఊకెనే అడిగిన అన్నాను. అవ్వ నన్ను కాసేపు చూసి లోపలికి పోయింది.

భయం వేసింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, చాలా భయం వేసింది.

జూలై 8

సాంచాలకు కొత్త నూలు బీములు ఎక్కిస్తున్నారు, పని లేదని ఇంట్లో చెప్పి కరీంనగర్ వెళ్లాను. దవాఖానలో ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. గోడలకు మెత్తలు ఉన్నాయి. చెవులకు డిప్పలు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమంది అక్కడి అమ్మాయి. అద్దం అవతల ఆమె చేయి కనపడుతోంది. ఆ చేయి కదిలినప్పుడల్లా నేను నొక్కాను. మోసం చేయాలని కాదు. షెడ్డులో తొమ్మిదేళ్లుగా చేసేదదే, మనిషి కదలిక చూసి వినడం. నాకు తెలియకుండానే వేలు పోయింది. అన్నీ సరిగ్గా వస్తున్నాయని నేను సంబరపడుతుంటే, ఆమె లేచి వచ్చి నా కుర్చీని గోడ వైపు తిప్పింది.

గోడ వైపు తిరిగాక ఆ గదిలో ఏ చప్పుడూ లేదు. నేను మీట పట్టుకుని చాలాసేపు ఎదురుచూశాను.

డాక్టర్ పెద్దాయన. కాగితం చూసి, నన్నేమీ అడగకుండానే, సాంచాల మీదనా అన్నాడు. ఎడమ చెవి దాదాపు పోయింది. కుడిది సగం దారిలో ఉంది. పోయింది తిరిగి రాదు, దానికి మందు లేదు, ఆ మోతలోంచి బయటపడితే మిగిలింది మిగులుతుంది అన్నాడు. లావు మోతలు తెలుస్తాయట, సన్న చప్పుళ్లు ముందు పోతాయట. అడుగులు, గుసగుసలు, ఆడవాళ్ల గొంతులు. ఇంట్లోవాళ్లు ఇన్నాళ్లూ గుర్తుపట్టలేదా అని అడిగాడు. మా ఇంట్లో బాపు కోసం అందరూ అరిచే మాట్లాడతారు, ఎదురుగా నిలబడే మాట్లాడతారు. ఎవరు గుర్తుపడతారు?

కాగితం బస్టాండులోనే చింపి పారేశాను. వేములవాడ దాకా ఏడుస్తూనే వచ్చాను. పక్క సీటు ముసలామె ఏదో అడిగింది. ఏమడిగిందో తెలియలేదు. తల ఊపాను.

జూలై 9

ఆట ఫోన్లోంచి తీసేశాను. ఈసారి నిజంగా.

ఆలోచిస్తే చాలా తేలిక. నాకు చెవులు కావాల్సి వచ్చేది ఆ ఆటలోనే. షెడ్డులో అక్కర్లేదు, ఇంట్లో అక్కర్లేదు. ఆట లేకపోతే ఎవరికీ తెలియదు. నాకూ రోజూ తెలియదు.

జూలై 14

అవ్వ మటన్ తెచ్చింది. కొడుకు ఫోన్ ఆట బంద్ పెట్టిండని, బుద్ధి వచ్చిందని పక్కింట్లో చెప్పింది. పక్కింటాయన వచ్చి, మా పిల్లలకు కూడా జర చెప్పు భాను అన్నాడు. చెప్పాను. ఆ ఆట ఎంత చెడ్డదో, మనిషిని ఎలా పాడుచేస్తుందో బాగా చెప్పాను. నేను చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. అందరూ మెచ్చుకుంటుంటే నాకే నిజమనిపించింది.

జూలై 15

వెంకటి వచ్చాడు. అవ్వ తన అన్నకు నచ్చజెప్పి పిలిపించింది. నాతో ముభావంగా ఉన్నాడు. పనిలో చురుకు. సాయంత్రానికి తెగిన పోగు అతకడం పట్టుకున్నాడు.

ఈ మోతకు చెవులు పోతాయని వాడికి చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పను? పని లేక వచ్చినవాడికి, నేనే పిలిచినవాడికి. ఊరంతా చేస్తున్న పనే కదా. పైగా, నీకెట్ల ఎరుక బావా అని అడిగితే?

జూలై 20

షిఫ్టు దిగాక వెంకటి చాయ్ హోటల్ దగ్గర రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, తల విదిలించుకుని నిలబడ్డాడు. చెవులల్ల గుయ్యిమంటున్నది బావా అన్నాడు. అలిగినవాడు నాతో తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది.

నాలుగు రోజులైతే అలవాటైతది అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి తడుముకోకుండా వచ్చింది.

జూలై 21

ఏమీ లేదు.

జూలై 26

బాపు మాట్లాడడం తక్కువ. ఇవాళ నేను కాళ్లు కడుక్కుని లోపలికి వెళుతుంటే అరుగు మీద తట్టి కూర్చోమన్నాడు. ఆట ఎందుకు బంద్ పెట్టినవు అని అడిగాడు. టైం వేస్ట్ అని పెదాలతో చెప్పాను. బాపు నా పెదాలు కాదు, నా కళ్లు చూస్తున్నాడు.

బాపుకు ఒకప్పుడు భజన అంటే ప్రాణం. శనివారం తాళాలు పట్టుకుంటే ఆయన గొంతుకు వాడకట్టంతా వచ్చేది. నాకు పదేళ్లప్పుడు హార్మోనియం పెట్టె వాయించే సాంబయ్యతో పెద్ద కొట్లాట అయి మానేశాడు. శృతి తప్పుతున్నావని అందరి ముందు సాంబయ్యను తిట్టాడు. ఆ తర్వాత ఆ భజనలో భక్తి లేదు, అంతా తాగుబోతులే అని ఇంట్లో చెప్పాడు. మేమంతా అదే నమ్మాం. అవ్వ ఇప్పటికీ సాంబయ్య ఎదురొస్తే మొహం తిప్పుకుంటుంది.

"శృతి తప్పింది సాంబయ్య కాదు," అన్నాడు బాపు. "నాకప్పుడే ఎరుక. బంద్ పెడితే ఎవ్వలకు తెల్వదనుకున్న."

తర్వాత చేయెత్తి తన చెవి మీద పెట్టి, ఆ చేతిని నా వైపు తిప్పాడు. నీకూనా అని. మాకు షెడ్డులో ఆ సైగ లేదు. బాపు అప్పుడే పుట్టించాడు.

నేను కాదన్నట్టు తల ఊపాను.

"నువ్వు పనిల చేరిన దినం చెవులు గుయ్యిమంటున్నయని ఏడ్చినవు. అలవాటైతదని నేనే చెప్పిన," అన్నాడు. గొంతు ఎంత పైకి వెళ్లిందో ఆయనకు తెలియదు, ఎదురింటివాళ్లు తొంగి చూశారు. "నాకు ఎరుకుండి చెప్పిన బిడ్డా. ఇంట్ల తిండికి లేకుండె."

బాపు మీద కోపం రావాలి. వచ్చింది. కానీ మొన్న నేను వెంకటితో అన్నప్పుడు మా ఇంట్లో తిండికి లేక కాదు. ఉత్త సిగ్గుకు అన్నాను.

జూలై 29, సోమవారం

పొద్దున్నే చెబుదామనుకున్నాను. చాయ్ దగ్గర నోరు రాలేదు. లోపలికి వెళ్లాక ధైర్యం వచ్చింది, అక్కడ గొంతు అక్కర్లేదు కాబట్టి. వెంకటి ఎదురుగా నిలబడి పెదాలతో అంతా చెప్పాను. ఎడమ చెవి పోయింది, ఆ రోజు నువ్వు చెప్పింది నిజం, తప్పు నాది, నువ్వు ఈ పని విడిచిపెట్టిపో. ఒక్కో మాట విడమరిచి చెప్పాను. నెల రోజుల బరువు దిగినట్టయింది.

వెంకటి నా మొహం చూస్తూ, చెవి దగ్గర చేయి పెట్టి, ఏంది బావా అన్నాడు.

వాడికి పెదాలు చదవడం రాదు. వచ్చి రెండు వారాలు. వాడికింకా చెవులున్నాయి, నేర్చుకునే అవసరం పడలేదు.

మళ్లీ చెప్పాను. మళ్లీ చేయి చెవి దగ్గర పెట్టి వంగాడు. అప్పుడు నాకు ఏమైందో తెలియదు. వెళ్లి వాడి సాంచె హ్యాండిల్ లాగి ఆపాను. తర్వాత దాని పక్కది. వాడివన్నీ, నావన్నీ. బట్ట మీద ఉన్న సాంచెను కారణం లేకుండా ఆపడమంటే మా దగ్గర అన్నం పళ్లాన్ని తన్నడమే. నేను తిరుగుతుంటే నాకేదో అయిందనుకుని మిగతావాళ్లు కూడా తమవి ఆపి పరుగెత్తుకొచ్చారు. సేటు వచ్చాడు. మీసం దువ్వాలని ఎవరికీ గుర్తు రాలేదు.

తొమ్మిదేళ్లలో పనివేళ ఆ షెడ్డు ఆగడం నేను చూడలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

"వెంకటి, నాకు చెవు పోయింది," అన్నాను. "నువ్వు చెప్పినవురా. నాకే ఇనబడలే. ఈ పని చెయ్యకు. అలవాటు కాదు, పోతది."

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారట.

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారనే నెలరోజులుగా చస్తున్నాను. మూల సాంచాల నాగయ్య, బాపుతోటివాడు, తల దించుకుని వెళ్లి తన సాంచె మళ్లీ వేసుకున్నాడు. ఒక్కొక్కరూ వెళ్లారు. మోత మొదలైంది. వెంకటి పెదాలు కదిలాయి. నాకు పెదాలు చదవడం వచ్చు. మరి నువ్వు, అన్నాడు.

ఆగస్టు 4, ఆదివారం

వెంకటి పెద్దపల్లి వెళ్లిపోయాడు. ఇంకా పని దొరకలేదు. పని ఇప్పించి గుంజుకున్నడని మా మేనమామ అవ్వతో మాట్లాడడం మానేశాడు. అవ్వ ఒక రోజంతా ఏడ్చింది. తర్వాత నుంచి నాతో మాట్లాడాల్సి వస్తే నా కుడివైపుకు వచ్చి నిలబడుతోంది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. బాపుతో నేర్చుకున్నదే.

నిన్న చాయ్ హోటల్లో ఎవరో అడిగారట, ఏ భాను, ఉత్త భానునా చెవిటి భానునా అని. రాయి వేయాలనిపించలేదు.

వెంకటి సాంచాలు కూడా మనిషి దొరికేదాకా నన్నే చూడమన్నాడు సేటు. నేను వెళ్లగొట్టినవాడి పని నేనే చేయాలట, న్యాయమే. ఒక కిరాణా కొట్లో పని అడిగి వచ్చాను. కొట్టాయన వెనకకు తిరిగి మాట్లాడితే నేను పలకలేదు. ఇంకోచోట అడుగుతాను. దొరికేదాకా ఇదే. చెవుల్లో బిరడాలు పెట్టుకుంటున్నాను, అరికాళ్లతో పని నడుస్తోంది.

ఆటను మళ్లీ ఫోన్లోకి ఎక్కించాను. అవ్వ చూసింది. వెంకటి, అంజన్న వచ్చారు. వెంకటి నోటితో చెప్పకుండా మ్యాప్ మీద గుర్తులు పెడుతున్నాడు, నాకు కనపడాలని. వద్దన్నాను. నోటితోనే చెప్పమన్నాను. గుర్తులు పెడితే గెలుస్తాం కదా బావా అని టైపు చేశాడు.

గెలవడానికి కాదు. మా ఇంట్లో, మా షెడ్డులో, మా వాడకట్టులో నా కుడి చెవి ఎంత మిగిలిందో నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అక్కడ అందరూ ఎదురుగా వచ్చి అరుస్తారు. వెనక నుంచి వచ్చేది ఈ ఆటలోనే. అందుకే మానను. రోజూ ఆడతాను, రోజూ చస్తాను.

ఇవాళ వెంకటి ఎనుక అన్నది వినపడింది. అడుగులు వినపడలేదు. పొద్దున షిఫ్టు ఉంది.